ఒకే హాస్టల్, ఇద్దరు అబ్బాయిలు: గవదబిళ్లలు వ్యాపించిన రోజుల్లో మెనింజైటిస్ నిర్ధారణ

మొదటి అబ్బాయి

పన్నెండేళ్లు, ఏడో తరగతి, బరువు 34 కిలోలు. తెలంగాణలోని ఒక గురుకుల హాస్టల్లో ఉంటాడు. 2024 ఫిబ్రవరి మొదటి వారంలో వార్డెన్ సారే ఆటోలో తీసుకొచ్చారు. రెండు రోజులుగా జ్వరం, ముందు రోజు సాయంత్రం నుంచి తల పగిలిపోయేంత నొప్పి, రాత్రంతా వాంతులు. ట్యూబ్‌లైట్ వెలుగు కూడా భరించలేక కళ్లకు మోచెయ్యి అడ్డం పెట్టుకుని పడుకున్నాడు. అప్పటికే ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర ఒక ఇంజెక్షన్ చేయించి, సెఫిక్సిమ్ అనే యాంటీబయాటిక్ మాత్రలు మొదలుపెట్టారు. ఆ ఇంజెక్షన్ ఏమిటో చీటీ లేదు. (పిల్లల్ని గుర్తుపట్టే వివరాలు ఇక్కడ మార్చి రాస్తున్నాను.)

ఇలాంటి పిల్లాడు వచ్చినప్పుడు మెడ కంటే ముందు తెలివి ఎలా ఉందో చూస్తాను. పేరు, తరగతి, నిన్న రాత్రి ఏం తిన్నాడు అని అడిగితే విసుగ్గానైనా సరిగ్గానే చెప్పాడు. ఫిట్స్ రాలేదు, చేతులూ కాళ్లూ సమానంగా ఆడుతున్నాయి. మాట తడబడినా, మగతగా ఉన్నా అది మెదడు పొరల వాపు (మెనింజైటిస్) దాటి మెదడు దాకా పోయిందని అనుకోవాలి, అప్పుడు దారే వేరు: హెర్పిస్ వైరస్ కోసం ఎసైక్లోవిర్ మందు, దోమల ద్వారా వచ్చే జపనీస్ ఎన్‌సెఫలైటిస్ (మెదడువాపు) కోసం ఐజీఎం అనే యాంటీబాడీ పరీక్ష, స్కానింగ్. ఈ అబ్బాయికి అవేవీ అక్కర్లేదు.

తరవాత ఒళ్లంతా బట్టలు తీయించి చూశాను. వెతికింది మచ్చల కోసం. నొక్కినా పోని ఎర్రటి, ఊదారంగు చుక్కలు ఒక్కటి కనిపించినా అది మెనింగోకాకస్ అనే, పక్కవాళ్లకు అంటుకునే ప్రాణాంతక బాక్టీరియా అనుకుని పరిగెత్తాలి. వాడితో పాటు అదే గదిలో పడుకునే పిల్లలందరికీ మందు ఇవ్వాల్సి వస్తుంది. హాస్టల్ నుంచి మెనింజైటిస్ వచ్చిందంటే మొదట తేలాల్సిన ప్రశ్న అదే. చుక్కలు లేవు. చిన్న పురుగు కుట్టి వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరంలో కనిపించే నల్లటి మచ్చ చంకల్లో, గజ్జల్లో, చెవి వెనక ఎక్కడా లేదు. మెడ ముందుకు వంగడం లేదు. కంటి వెనక నరం వాచలేదు. వృషణాలు మామూలుగా ఉన్నాయి.

చెంపలూ మామూలుగానే ఉన్నాయి. కానీ నోరు తెరిపించి టార్చి వేస్తే కుడి చెంప లోపల, పై దవడలో రెండో పెద్ద పన్నుకు ఎదురుగా ఉండే లాలాజల గ్రంథి రంధ్రం ఎర్రగా, కాస్త ఉబ్బి ఉంది. ఇది చూసే అలవాటు మనలో చాలామందికి పోయింది. వార్డెన్‌ను అడిగాను, హాస్టల్లో ఎవరికైనా చెంపలు వాచాయా అని.

"ఆ, ఈ వారంలనే ఏడెనిమిది మందికి సార్. గవదబిళ్లలే గదా అని ఇంటికి పంపినం."

ఆ చలికాలం కేరళ, మహారాష్ట్రతో సహా చాలా రాష్ట్రాల్లో గవదబిళ్లల కేసులు బాగా పెరిగాయి. మన దగ్గర సర్కారు టీకాల్లో పిల్లలకు వేసేది ఎంఆర్. అందులో తట్టు, రుబెల్లా ఉంటాయి తప్ప గవదబిళ్లలకు రక్షణ ఉండదు. ఎంఎంఆర్ డబ్బు పెట్టి ప్రైవేటులో వేయించుకోవాల్సిందే. గురుకులంలో చదివే పిల్లల్లో ఎంతమందికి ఆ వీలుంటుందో చెప్పనక్కర్లేదు.

గవదబిళ్లల వైరస్‌కు మెదడు పొరలంటే బాగా ఇష్టం. ఈ వైరస్‌తో మెనింజైటిస్ వచ్చిన పిల్లల్లో దాదాపు సగం మందికి ఆ సమయంలో చెంప వాపే ఉండదు. మెనింజైటిస్ ముందొచ్చి వాపు తరవాత రావచ్చు, అసలు రాకపోవచ్చు కూడా. కాబట్టి వాపు లేదు గనక గవదబిళ్లలు కాదు అనడానికి లేదు. హాస్టల్లో ఉన్నాయి గనక ఇవీ అవే అనడానికీ లేదు.

నడుము నీళ్లు

సాయంత్రానికి తల్లి, నాయనమ్మ వచ్చారు. వెన్నునీరు తీయాలని చెప్పేసరికి తల్లి ఏడుపు మొదలుపెట్టింది.

"నడుములకెల్లి నీళ్లు తీస్తే కాళ్లు పడిపోతయంట గదా సారూ?"

"పడిపోవమ్మా. వెన్నుపాము నడుము పైభాగంలోనే అయిపోతుంది. మేం సూది వేసేది దానికి చాలా కిందన. అక్కడ నీళ్లుంటాయి, సన్నటి నరాలు పక్కకు జరుగుతాయి."

"వాట్సాప్‌ల మెదడువాపు అని పెట్టిండ్రు సారూ. మా పక్కూర్లె ఎనకట అట్లనే పోయిండ్రు పిల్లలు."

ఆ భయం ఉత్తదేం కాదు. 2003 వానాకాలంలో ఉమ్మడి రాష్ట్రంలో, ముఖ్యంగా తెలంగాణ జిల్లాల్లో, 329 మంది పిల్లలకు మెదడువాపు వచ్చి 183 మంది చనిపోయారు. చాలామంది ఆసుపత్రికి వచ్చిన రోజు, రెండ్రోజుల్లోనే పోయారు. అది ఇసుక ఈగల ద్వారా వచ్చే చండీపురా వైరస్ అని పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ తేల్చింది. అప్పుడు పిల్లల్ని పోగొట్టుకున్న ఊళ్లలో జ్వరం, వాంతులు, తలనొప్పి అంటే ఇప్పటికీ గుండె జారుతుంది. ఆ పిల్లలు గంటల్లో తెలివి తప్పారనీ, నీ కొడుకు నాతో గొడవపడి మరీ మాట్లాడుతున్నాడనీ తల్లికి చూపించాను. సంతకం పెట్టింది.

ముందుగా సీటీ స్కాన్ తీయలేదు. తెలివి బాగుండి, ఫిట్స్ లేక, ఒక పక్క బలహీనత లేక, కంటి నరం వాపు లేక, రోగనిరోధక శక్తి బాగున్న పిల్లాడికి సీటీ కోసం వెన్నునీరు పరీక్ష ఆపడం వల్ల పోయేది సమయం ఒక్కటే. సూదికి ముందు రెండు పనులు తప్పనిసరిగా చేయించాను. ఒకటి బ్లడ్ కల్చర్, అంటే రక్తంలో బాక్టీరియా పెరుగుతుందేమో చూసే పరీక్ష. రెండోది రక్తంలో గ్లూకోజ్. వెన్నునీటి గ్లూకోజ్‌ను ఒంటరిగా చదవడం వల్ల జరిగే గందరగోళం ఇంతా అంతా కాదు. గ్లూకోజ్ సెలైన్ ఎక్కించాక తీసిన రక్తంతో పోల్చడం ఇంకా ఘోరం.

ట్యూబులు నర్సు చేతికిచ్చి వెంటనే ల్యాబ్‌కు పంపాను, కణాల లెక్క గంటలోపు చూడమని ఫోన్ చేసి మరీ. వెన్నునీరు బల్లమీద పడి ఉంటే తెల్లకణాల్లో బాక్టీరియాకు ఎక్కువయ్యే న్యూట్రోఫిల్స్ ముందు కరిగిపోతాయి, ఎక్కువగా వైరస్‌లకు పెరిగే లింఫోసైట్లే మిగులుతాయి. పొద్దున తీసిన చీముపట్టిన వెన్నునీరు సాయంత్రం చూస్తే వైరల్‌లా కనిపించగలదు. చిన్న ఆసుపత్రుల నుంచి బైక్ మీద టౌన్‌కు వెళ్లే శాంపిళ్లలో ఇది రోజూ జరిగే సంగతి. గ్లూకోజ్ ట్యూబుకు ఫ్లోరైడ్ ఉన్నది వాడకపోతే కణాలు గ్లూకోజ్‌ను తినేస్తాయి, అప్పుడు తప్పు ఇంకోవైపు జరుగుతుంది, వైరల్ బాక్టీరియల్‌లా కనిపిస్తుంది.

సూది పని అయిన వెంటనే సెఫ్‌ట్రయాక్సోన్ మొదలుపెట్టాం, రోజుకు కిలోకు 100 మిల్లీగ్రాముల లెక్కన రెండు పూటలుగా. వైరల్ అనే నా అనుమానం ఎంత బలంగా ఉన్నా ఆ రాత్రి యాంటీబయాటిక్ లేకుండా పడుకోబెట్టే ధైర్యం నాకు లేదు, ఉండకూడదు కూడా.

రిపోర్టు చదవడం

వెన్నునీరు తేటగా ఉంది. కణాలు 420, అందులో 88 శాతం లింఫోసైట్లు. ప్రోటీన్ 72. గ్లూకోజ్ 41, అదే సమయంలో రక్తంలో 98. లాక్టేట్ 2.1. రంగు వేసి బాక్టీరియాను వెతికే గ్రామ్ స్టెయిన్‌లో ఏమీ లేదు. రక్తంలో తెల్లకణాలు 7,800, ఇన్ఫెక్షన్‌తో పెరిగే సీఆర్‌పీ 11. ల్యాబ్ వాళ్లు కింద "వైరల్ పిక్చర్" అని రాసి పంపారు.

నాకు అంత తేలిగ్గా ఒప్పబుద్ధి కాలేదు. గ్లూకోజ్ నిష్పత్తి 0.42. మామూలుగా వైరల్ మెనింజైటిస్‌లో రక్తంలో ఉన్నదానికి సగం కంటే ఎక్కువే ఉంటుంది. తగ్గిందంటే గుర్తు రావాల్సినవి మూడు: సగం వైద్యం జరిగిన బాక్టీరియల్ మెనింజైటిస్, టీబీ, గవదబిళ్లలు. మూడోదాన్ని చాలామంది మర్చిపోతారు. వైరస్‌లలో గ్లూకోజ్‌ను తగ్గించగల కొద్దిమందిలో ఇదొకటి.

సెఫిక్సిమ్ పడిందన్న ఒక్క విషయం సగం పరీక్షల విలువను తగ్గించేసింది. కల్చర్‌లో ఏమీ పెరగకపోయినా అది మందు ప్రభావం కావచ్చు. వెన్నునీటి లాక్టేట్ 3.5 కంటే తక్కువుంటే మామూలుగా వైరల్ వైపు మొగ్గుతాం, కానీ ముందే యాంటీబయాటిక్ పడిన పిల్లల్లో దానికి అంత నమ్మకం లేదు. బాక్టీరియల్ మెనింజైటిస్ స్కోర్ అని ఒకటుంది. గ్రామ్ స్టెయిన్, వెన్నునీటి న్యూట్రోఫిల్స్, ప్రోటీన్, రక్తంలో న్యూట్రోఫిల్స్, ఫిట్స్ చూసి మార్కులు వేస్తారు. ఈ అబ్బాయికి సున్నా వచ్చింది. అయితే ఆ స్కోర్ తయారు చేసినప్పుడే ముందుగా యాంటీబయాటిక్ తీసుకున్న పిల్లల్ని పక్కన పెట్టారు. మన ఊళ్లలో అలా ఏ మందూ పడకుండా వచ్చే పిల్లాడు ఎక్కడ దొరుకుతాడు?

అందుకని హైదరాబాద్‌కు పీసీఆర్ ప్యానెల్, అంటే చాలా క్రిముల జన్యువుల్ని ఒకేసారి వెతికే పరీక్ష, పంపించాం. తండ్రి హమాలీ, ఆ ఖర్చు చిన్నది కాదు, ఆలోచించే రాశాను. ఇక్కడ ఒక మాట. బాగా వాడుకలో ఉన్న ఆ మెనింజైటిస్ ప్యానెల్‌లో బాక్టీరియా, వైరస్, ఫంగస్ కలిపి 14 క్రిములున్నాయి. ఎంటెరోవైరస్ ఉంది, హెర్పిస్ ఉంది. గవదబిళ్లల వైరస్ లేదు. టీబీ లేదు. జపనీస్ ఎన్‌సెఫలైటిస్ లేదు. మన పిల్లల్లో నేను ముందుగా ఆలోచించే మూడూ అందులో లేవన్నమాట. నేను దాన్ని పంపింది బాక్టీరియాను కొట్టేయడానికి, ఎంటెరోవైరస్ ఉందేమో చూడటానికి. అన్నీ నెగెటివ్ వచ్చాయి. ఆ కాగితం చూసి "ఏ వైరస్సూ లేదట" అని బంధువులు అనుకుంటారు, కొందరు డాక్టర్లూ అనుకుంటారు.

గవదబిళ్లల కోసం పంపాల్సినవి వేరు. చెవి ముందున్న గ్రంథిని అర నిమిషం పాటు నొక్కి రుద్ది, లోపలి రంధ్రం దగ్గర పుల్లతో స్వాబ్ తీసి, వైరల్ మీడియంలో వేసి ఐస్‌లో పంపాలి. లక్షణాలు మొదలైన మొదటి మూడు రోజుల్లో తీస్తే ఫలితం బాగుంటుంది. రక్తంలో ఐజీఎం మొదటి రోజుల్లో నెగెటివ్ రావచ్చు, అది చూసి వదిలేయకూడదు. ఈలోపు ఊళ్లోనే దొరికే ఒక చవకైన పరీక్ష చేయించాను: రక్తంలో అమైలేజ్ (క్లోమం, లాలాజల గ్రంథులు రెండింటి నుంచీ వచ్చే ఎంజైమ్) 410, లైపేజ్ (క్లోమం ఎంజైమ్) మామూలు. కడుపు మెత్తగా ఉంది. అంటే పెరిగిన అమైలేజ్ క్లోమం నుంచి కాదు, లాలాజల గ్రంథుల నుంచి. చెంప వాచకముందే గ్రంథి లోపల గొడవ మొదలైందని అది చెప్పింది.

వెన్నునీరు తీసిన కొద్ది గంటలకే తలనొప్పి సగం తగ్గింది. వైరల్ మెనింజైటిస్‌లో ఇది తరచుగా చూస్తాం. మూడో రోజు పొద్దున కుడి చెవి కింద వాపు తేలింది. నాయనమ్మ అప్పటికే పసుపు రాసి, తన మెడలోని బంగారు గొలుసు తీసి వాడికి వేసేసింది. గవదబిళ్లలకు మనవైపు ఇళ్లలో అదే వైద్యం. వాపుకు ఏం చేస్తుందో గానీ, వార్డులో ఆ గొలుసుకు కాపలా కాయలేక నైట్ సిస్టర్‌కు టెన్షన్ పట్టుకుంది.

48 గంటల కల్చర్, పీసీఆర్ ప్యానెల్ రెండింట్లోనూ బాక్టీరియా లేదని తేలాక సెఫ్‌ట్రయాక్సోన్ ఆపేశాను. కల్చర్ ఒక్కటే అయితే, ముందే మందు పడిన ఈ పిల్లాడికి ఆపేవాణ్ని కాదు. వెన్నునీటిలో టీబీ కోసం చేసిన జీన్‌ఎక్స్‌పర్ట్ అల్ట్రా కూడా నెగెటివ్, కానీ వెన్నునీటిలో అది నెగెటివ్ వచ్చినంత మాత్రాన టీబీ లేదని తేలదు. ఇక్కడ టీబీని కొట్టేసింది రోజులు: రెండు రోజుల్లో వచ్చింది, నాలుగు రోజుల్లో దిగింది. ఐదో రోజు ఇడ్లీ తిని ఇంటికి పోయాడు. స్వాబ్ పీసీఆర్ పాజిటివ్ అని తరవాత వచ్చింది. మొదటి ఐజీఎం నెగెటివ్, వారం తరవాతది పాజిటివ్.

వార్డెన్ రిజిస్టర్

వాణ్ని ఇంటికి పంపకముందే జిల్లా వైద్యాధికారి కార్యాలయానికి సమాచారం ఇచ్చాం. పీహెచ్‌సీ నుంచి ఏఎన్ఎం, ఆశా వెళ్లి హాస్టల్లో పేర్ల జాబితా రాశారు: ఏ గది, ఏ తరగతి, చెంప వాచిన తేదీ, ఎంఎంఆర్ పడిందా, తలనొప్పీ వాంతులూ ఉన్నాయా. తేదీలు వరసగా పెడితే కథ తేటగా కనిపించింది. సంక్రాంతి సెలవుల నుంచి ఒక అబ్బాయి వాచిన చెంపతో తిరిగొచ్చాడు. ఆ తరవాత రెండున్నర వారాలకు ఒకేసారి గుంపుగా మొదలయ్యాయి. గవదబిళ్లల వైరస్ ఒంట్లోకి వెళ్లాక బయటపడటానికి మామూలుగా 16 నుంచి 18 రోజులు పడుతుంది. సరిగ్గా సరిపోయింది. కొత్తగా వాచిన ముగ్గురి నుంచి స్వాబ్‌లు తీస్తే ఇద్దరికి పాజిటివ్. ఆ తరవాత ప్రతి పిల్లాడికీ స్వాబ్ తీయడం డబ్బు దండగ.

మరి తలనొప్పి వచ్చిన ప్రతివాడికీ వెన్నునీరు తీయాలా? నేను తీయలేదు. చెంప వాచి, జ్వరంతో తలనొప్పి ఉండి, మెడ మెత్తగా వంగి, నవ్వుతూ తింటున్న పిల్లాణ్ని పారాసిటమాల్ ఇచ్చి రెండు పూటలా చూశాం. మెడ బిగుసుకుని వాంతులున్నవాడికి, వాపు ఉన్నా సరే, తీశాను. ఇంకో ఇద్దరికి అలా తీయాల్సి వచ్చింది. వాపు స్పష్టంగా ఉండి, కేసులు ఒకేచోట రుజువయ్యాక ఆ సూది కూడా అక్కర్లేదనే డాక్టర్లున్నారు. మంచి ల్యాబ్, పిల్లాణ్ని గంటగంటకూ చూసే మనుషులూ ఉన్నచోట అది చెల్లుతుందేమో. ముందుగా ఏ యాంటీబయాటిక్ పడిందో కూడా తెలియని చోట నేను ఒప్పుకోను.

వాపు మొదలైన రోజు నుంచి ఐదు రోజులు విడిగా ఉంచమన్నాం. గ్లాసులు, తువ్వాళ్లు పంచుకోవద్దన్నాం. ఇప్పుడు ఎంఎంఆర్ వేస్తే ఆగుతాయా అని ప్రిన్సిపాల్ అడిగారు. ఇప్పటికే వైరస్ సోకినవాడికి ఈసారికి ఆగవు, సోకనివాడికి ముందుముందు పనికొస్తుంది అని చెప్పాను.

రెండో అబ్బాయి

ఫిబ్రవరి ఆఖరి వారం. అదే హాస్టల్, తొమ్మిదో తరగతి. వార్డెన్ ఈసారి గాబరా లేకుండా వచ్చారు.

"ఇది గూడ అదే సార్, గవదబిళ్లల జ్వరం. మొన్న చెప్పిండ్రు గదా, మెడ పడుతదని."

రిజిస్టర్లో వీడి పేరూ ఉంది. నెల మొదట్లో రెండు చెంపలూ వాచి తగ్గాయి. ఆర్ఎంపీ కూడా ఆ మాటే చెప్పి నాలుగు రోజులు సెలైన్ పెట్టాడు. హాస్టల్ మొత్తానికి ఇప్పుడు ఒకే జబ్బు తెలుసు, తలనొప్పి అంటే అదే.

తేదీలే నన్ను ఆపాయి. గవదబిళ్లల మెనింజైటిస్ మామూలుగా చెంప వాపుకు వారం పది రోజులు అటూ ఇటూగా వస్తుంది. వీడికి వాపు తగ్గి చాలా రోజులైంది, తలనొప్పి దాదాపు పది రోజులుగా కొద్దికొద్దిగా ఎక్కువవుతోంది. సాయంత్రం పూట జ్వరం. అన్నం సయించడం లేదు, బెల్టు రెండు రంధ్రాలు లోపలికి పోయింది. అడిగినదానికి ఆలస్యంగా జవాబు చెబుతున్నాడు. ఎడమ కన్ను బయటి వైపుకు తిరగడం లేదు. బోర్డు మీద అక్షరాలు రెండేసి కనిపిస్తున్నాయని పది రోజుల్లో ఎవరికీ చెప్పలేదు, అడిగితే చెప్పాడు.

వీడికి సూది కంటే ముందు స్కానింగ్ కావాలి. కాంట్రాస్ట్ సీటీలో మెదడు గదులు కాస్త పెద్దవై ఉన్నాయి, మెదడు అడుగు భాగంలో పొరలు మెరుస్తున్నాయి. తరవాత తీసిన వెన్నునీటిలో కణాలు 190, లింఫోసైట్లు 82 శాతం, ప్రోటీన్ 210, గ్లూకోజ్ 26, రక్తంలో 102. లాక్టేట్ 5.8. రక్తంలో సోడియం 126, తక్కువ.

రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి మా దగ్గర ట్రైనింగ్‌కు వచ్చిన జూనియర్ డాక్టర్లకు చూపించాను. కణాలు, లింఫోసైట్ల శాతం దగ్గర చెయ్యి అడ్డం పెట్టి, ఏది వైరల్ అని అడిగితే చెప్పొచ్చు. మిగతావి మూసి ఆ రెండే చూపిస్తే చెప్పలేరు. "లింఫోసైట్లు ఎక్కువ, కాబట్టి వైరల్" అనే వాక్యం మన కేస్‌షీట్లలో ఎన్నిసార్లు రాస్తున్నామో!

కొంచెం ఎక్కువ నీరు తీసి, సెంట్రిఫ్యూజ్ చేసి జీన్‌ఎక్స్‌పర్ట్ అల్ట్రాకు పంపితే టీబీ పాజిటివ్, ముఖ్యమైన టీబీ మందు రిఫాంపిసిన్‌కు లొంగే రకం. హెచ్‌ఐవీ నెగెటివ్. తాత రెండు నెలలుగా దగ్గుతున్నాడని అప్పుడు బయటపడింది, "బీడీలు తాగుతడు గదా" అని ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. ఆయన కళ్లెలోనూ టీబీ దొరికింది. సంక్రాంతికి ఇంటికెళ్లిన పిల్లలు ఊళ్ల నుంచి హాస్టల్‌కు ఒక వైరస్‌ను మోసుకొస్తే, వీడు ఇంటి నుంచి తెచ్చుకున్నది వేరే. సంక్రాంతికే సోకిందని చెప్పలేం, అంతకు ముందు సెలవుల్లోనైనా కావచ్చు.

టీబీ మందులు, స్టెరాయిడ్ అదే రోజు మొదలుపెట్టాం. రెండు నెలలు నాలుగు మందులు, తరవాత పది నెలలు మూడు. టీబీ రోగుల సర్కారు పోర్టల్ నిక్షయ్‌లో నమోదు చేశాం, ఇంట్లో మిగతా పిల్లలకు ముందుజాగ్రత్త మందు రాశాం. మెదడులో చేరిన నీటిని బయటికి మళ్లించే గొట్టం (షంట్) వేయాల్సి వస్తుందేమోనని న్యూరోసర్జన్‌కు చూపించాం, వేయనక్కర్లేకుండానే తగ్గింది. ఇంకో వారం "అదే జ్వరం" అనుకుని హాస్టల్లోనే ఉంచి ఉంటే ఇంత తేలిగ్గా గట్టెక్కేవాడు కాదు.

జాబితా ఉండబట్టే వీడు పట్టుబడ్డాడని నా నమ్మకం. మొదటి అబ్బాయికి ఆ తేదీలు గవదబిళ్లలకు సాక్ష్యం చెప్పాయి, రెండోవాడికి అవే తేదీలు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పాయి. చుట్టూ ఒకే జబ్బు ఉందని తెలిసినప్పుడు డాక్టర్లం తేదీలు అడగడం మానేస్తాం, "అక్కడ అవే వస్తున్నాయి" అన్న మాటతో సరిపెట్టుకుంటాం. ఆ మాటను నేను కేస్‌షీట్‌లో రాయనివ్వను. ఎవరి నుంచి, ఎన్ని రోజుల కిందట, వాపుకు ముందా తరవాతా, తలనొప్పి గంటల్లో పెరిగిందా వారాల్లోనా అని రాయమంటాను.

ఆ తరవాత

మొదటి అబ్బాయికి ఆరు వారాలకు వినికిడి పరీక్ష చేయించాం. గవదబిళ్లల వల్ల ఒక చెవి వినికిడి పోవచ్చు, ఒకటే చెవి గనక పిల్లలు గమనించరు. రెండు చెవులూ బాగున్నాయి. వెన్నునీరు తీసిన మిగతా ఇద్దరిలో ఒకడికి కుడి చెవి వినికిడి బాగా తగ్గింది, ఈఎన్‌టీకి పంపాం. క్లాసులో ఎడమ చెవి టీచర్ వైపు ఉండేలా కూర్చోబెట్టమని స్కూలుకు చీటీ రాశాను. పెద్ద పిల్లల్లో ఇద్దరికి వృషణాల వాపు వచ్చి తగ్గింది, సిగ్గుతో చెప్పకుండా దాచారని ఏఎన్ఎం రాబట్టింది. మార్చి చివరికి కొత్త కేసులు ఆగాయి. టీబీ అబ్బాయి ఆ ఏడాది తొమ్మిదో తరగతి పరీక్షలు రాయలేదు. మందులు పన్నెండు నెలలూ వేసుకున్నాడు, ఎడమ కన్ను పక్కకు పూర్తిగా తిరగడానికి అందులో నాలుగు నెలలు పట్టింది.